ప్రజల దృష్టిలో వైద్యసహాయకుడు

ఆస్పత్రికి పోయిన రోగికి తెల్లకోటు ధరించి, మెడలో స్టెతస్కోపు వేసికొని వచ్చిన ప్రతి వ్యక్తియు డాక్టరుగనే కనిపించును. తలకు టోపీ పెట్టుకొన్నది నర్సనియు, మందుల గదిలో సీసాలు నింపి చీటీ అంటించువాడు కాంపౌండరనియు తెలుగునాట పూర్వమునుండి గుర్తులు ఏర్పడి యున్నవి. ఈ మూడు రూపములలో దేనికిని చెందని నాలుగవ వ్యక్తి యొకడు అమెరికాలో 1965 నుండియు, భారతదేశమున 1992 నుండియు తయారగుచున్నాడు. అతనిని ఇంగ్లీషున 'ఫిజిషియన్ అసిస్టెంట్' అందురు. తెలుగున వైద్యసహాయకుడు అనవచ్చును. రోగిని ప్రశ్నించి వ్యాధి చరిత్ర తెలిసికొనుట, దేహపరీక్ష చేయుట, రక్తపరీక్షల ఫలితములను చదువుట, రోగనిర్ణయమునకు తోడ్పడుట, శస్త్రచికిత్సలో సర్జనుకు సాయపడుట ఇతని పనులు. ఇవి యన్నియు వైద్యునితో కలసి, అతని పర్యవేక్షణలో జరుగవలసినవి.

ఇంత పని చేయు వ్యక్తిని ప్రజలు ఎట్లు ఎరుగుదురు? చాలమందికి ఇతని పరిచయము ఆస్పత్రిలో గాక, పత్రికలోనో, టెలివిజన్ తెరమీదనో మొదట కలుగును. ఆ పరిచయము సరియైనదా కాదా అని తేల్చుటకు గీటురాయి యొక్కటే. దానిని చూచిన సామాన్యుడు రేపు తాను రోగియై పోయినప్పుడు, ఎదుటనున్నది ఎవరో, ఆ వ్యక్తి ఎంతవరకు చేయవచ్చునో, ఆ పనికి బాధ్యులెవరో తెలిసికొనగలడా? ఈ గీటురాయిపై అరువదేండ్ల చిత్రణను గీసి చూచినచో బంగారముతోపాటు ఇత్తడియు చాలగనే కనిపించును.

మొదటి చిత్రము

అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్రమందు, డ్యూక్ విశ్వవిద్యాలయమున, డాక్టర్ యూజీన్ స్టెడ్ 1965లో ఈ శిక్షణను ప్రారంభించెను. ఆనాడు ఆ దేశపు పల్లెలలో వైద్యులు చాలకుండిరి. మరియొక వంక, నౌకాదళమున గాయములకు చికిత్స చేయుటలో ఆరితేరినవారు కొలువు విడిచి వచ్చిన పిమ్మట ఆ నేర్పునకు తగిన ఉద్యోగము లేక యుండిరి. ఒక లోటును మరియొక మిగులుతో పూడ్చవచ్చునని స్టెడ్ ఆలోచించెను. మొదటి తరగతిలో చేరినవారు నలుగురు; 1967 అక్టోబరు 6వ తేదీన శిక్షణ ముగించి బయటికి వచ్చినవారు ముగ్గురు.

ఆ ముగ్గురు ఇంకను బడి విడువకమునుపే, 1966లో, 'లుక్' అను సచిత్ర పత్రిక వారిని దేశమునకు పరిచయము చేసెను. ఆ వ్యాసమునకు పెట్టిన శీర్షికకు 'నర్సుకంటె ఎక్కువ, డాక్టరుకంటె తక్కువ' అని అర్థము. పత్రికకు ఇంతకంటె ఆకర్షణీయమైన శీర్షిక దొరకదు. వృత్తికి ఇంతకంటె కీడు చేసిన శీర్షికయు లేదు. నర్సులకు అది కష్టము కలిగించినది. వారికి కష్టము కలుగుట సహజమే. నర్సు చేయునది తగ్గించి చేసిన వైద్యము కాదు. పరిచర్య అనునది వేరొక విద్య. తాపీమేస్త్రీకంటె ఎక్కువ, ఇంజనీరుకంటె తక్కువ అన్నంతమాత్రమున వడ్రంగి పని యేమో తెలియునా? ఆ శీర్షిక వైద్యసహాయకుడు నిలిచిన మెట్టును చూపినది గాని, అతడు చేయు పనిని చూపలేదు. తరువాత వచ్చిన చిత్రములలో పెక్కింటికి ఈ నిచ్చెనయే మూలమైనది.

పేరులోని చిక్కు

ఇంగ్లీషున మొదట ఈ పేరును 'వైద్యుని యొక్క సహాయకుడు' అని అర్థమిచ్చునట్లు షష్ఠీ విభక్తితో వ్రాయుచుండిరి. వృత్తివారు ఆ షష్ఠిని తొలగించుకొనిరి. కాని పత్రికలు దానిని నేటికిని తరచుగ తగిలించుచునే యున్నవి. ఇది కేవలము వ్యాకరణపు తగవు కాదు. తెలుగు మాటలోను ఇదే చిక్కు కలదు. 'వైద్యసహాయకుడు' అను సమాసమును 'వైద్యునికి సహాయకుడు' అని విప్పినచో సంచి పట్టుకొని వెనుక నడచువాడు కన్నులయెదుట నిలుచును. 'వైద్యమునందు సహాయకుడు' అని విప్పినచో ఆ శాస్త్రము కొంత నేర్చి, రోగిని స్వయముగ పరీక్షించువాడు కనిపించును. నిజమునకు రెండును కలసినప్పుడే అర్థము పూర్తియగును. పని వైద్యమే, అది మరియొకరి బాధ్యతతో ముడివడిన వైద్యము.

ఈ ముడిని ఏ పేరు సరిగా చెప్పునో ఇంకను తేలలేదు. 2021 మే నెలలో అమెరికాలోని ఈ వృత్తివారి సంఘము 'సహాయకుడు' అను మాటను విడిచి, 'సహచరుడు' అను అర్థమిచ్చు 'అసోసియేట్' పదమును కోరుకొనెను. అమెరికా వైద్యసంఘము దానికి అభ్యంతరము చెప్పెను. బ్రిటనులో ప్రయాణము ఇందుకు ఎదురుగ సాగినది. అచ్చట పదేండ్లుగ 'అసోసియేట్' అని వాడుచుండగా, 2025 జూలైలో ఆచార్య గిలియన్ లెంగ్ జరిపిన సమీక్ష మరల 'అసిస్టెంట్' అనియే పిలువవలెనని సూచించెను. సముద్రమునకు ఇరువైపుల ఒకరు దింపిన బరువును ఇంకొకరు ఎత్తుకొనుచున్నట్లున్నది.

తెరమీద ఇద్దరు స్త్రీలు

టెలివిజన్ నాటకములలో ఈ వృత్తికి లభించిన ముఖములు కొద్ది. వానిలో రెండు పరిశీలింపదగినవి.

1994 నుండి 2009 వరకు అమెరికాలో ప్రసారమైన 'ఇ.ఆర్.' అను ధారావాహిక షికాగో నగరమందలి ఒక అత్యవసర చికిత్సాలయపు కథ. అందు గ్లోరియా రూబెన్ ధరించిన జీనీ బూలే పాత్ర వైద్యసహాయకురాలు. ఆమె రోగులను పరీక్షించును, గాయములు కుట్టును, సందేహము కలిగినప్పుడు పెద్ద వైద్యుని అడుగును. పర్యవేక్షణ అనగా నేమో ఉపన్యాసము లేకుండ ప్రేక్షకునికి బోధపరచిన చిత్రణ ఇది. అయితే కథ కొంత సాగిన పిమ్మట ఆమెకు భర్తవలన హెచ్.ఐ.వి. సోకినట్లు తెలియును. ఆమె ఏ పనులు చేయవచ్చును, ఏవి చేయరాదు అని ఆస్పత్రిలో పెద్ద చర్చ నడచును. వ్యాధి యున్నను మందులతో ఉద్యోగము చేసికొనుచు గౌరవముతో బ్రతుకవచ్చునని కోట్లమందికి చూపుట ఆ నాటకము చేసిన మేలు, దానిని కాదనరాదు. కాని ఆమె పనికి హద్దులేవి అను ప్రశ్న ఆమె వ్యాధిని గూర్చి వచ్చినంత గట్టిగా, ఆమె వృత్తిని గూర్చి రాలేదు. ప్రేక్షకునికి జీనీ గుర్తున్నది. ఆమె వృత్తి గుర్తున్నదా అనునది సందేహమే.

రెండవది 2009 నుండి 2016 వరకు వచ్చిన 'రాయల్ పెయిన్స్'. న్యూయార్కు రాష్ట్రమందు సంపన్నులు వేసవి గడపు హాంప్టన్స్ ప్రాంతమున ఇంటింటికి తిరిగి వైద్యము చేయు హాంక్ లాసన్ అను డాక్టరుకు, భారత సంతతికి చెందిన దివ్యా కట్దారే సహాయకురాలు. ఈ పాత్రను రేష్మా శెట్టి ధరించెను. దివ్య తనంతట తానే వచ్చి, పరికరములు నింపిన వాహనముతో సహా ఉద్యోగము సంపాదించుకొనును. ఆమె చురుకైనది, నేర్పరి, ఎవరికిని తల వంచనిది. అయినను తన ఉద్యోగము సంగతి మొదట తల్లిదండ్రులకు చెప్పక దాచును. పిల్లల చదువును చుట్టములలో పరువుతో తూచు ఇండ్లను ఎరిగిన తెలుగు కుటుంబములకు ఈ దాపరికములోని నిజము చెప్పకనే తెలియును.

లోపము వేరొకచోట నున్నది. ఇందు రోగనిర్ణయపు మెరుపు చాలవరకు డాక్టరుది. కొలతలు, పరీక్షలు దివ్యవి. పర్యవేక్షణ స్నేహములో కలసిపోయి కంటికి ఆనదు. వైద్యుడు లేని పల్లెకొరకు పుట్టిన వృత్తి, పడవలు, తోటలు గల భవనములలో అలంకారమువలె నిలిచినది.

పత్రికలలోని మరణము

తెర ఇట్లు మెరుగుపెట్టిన బొమ్మను బ్రిటిషు వార్తాపత్రికలు బద్దలుకొట్టినవి. 2022లో ముప్పదేండ్ల యువతి యొకతె పిక్కలో నొప్పితో తన వీధి వైద్యశాలకు పోయెను. కొలది దినములకు ఆయాసముతో మరల పోయెను. రెండుసార్లును ఆమెను చూచినది వైద్యసహాయకురాలు. ఆ యువతి మాత్రము డాక్టరే చూచినదని నమ్మెను. కాలి సిరలో ఏర్పడిన రక్తపు గడ్డ రక్తప్రవాహములో కొట్టుకొనిపోయి, గుండెను దాటి, ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడుటచే ఆమె మరణించెను. పిక్కనొప్పి, వాపు, ఆయాసము విడివిడిగా చూచినచో సామాన్యములు. కలిపి చూచినచో ప్రమాదసూచకములు. ఆమెను వెంటనే ఆస్పత్రికి పంపియుండినచో బ్రతికి యుండెడిదని 2023లో విచారణాధికారి నిర్ణయించెను.

ఈ మరణమును పత్రికలు బయటపెట్టుట సరియే. రోగికి తన్ను చూచినదెవరో తెలియలేదను సంగతి ప్రజల చెవిన పడినది వానివలననే. కాని ఆ తరువాత బొమ్మ మరియొక వైపునకు ఒరిగినది. 'రెండేండ్ల చదువు' అను మాట పదేపదే వచ్చెను. అంతకుముందు వారు చదివిన మూడేండ్ల విజ్ఞానశాస్త్రపు డిగ్రీ సంగతి తరచుగ రాలేదు. ఒకరి పొరపాటు వేలమంది ముఖమైనది. లెంగ్ సమీక్ష ఈ రెండు అతిశయములకును నడుమ నిలిచినది. ఈ వృత్తిని రద్దు చేయుమని అది చెప్పలేదు. వ్యాధి ఇంకను తేలని రోగులను, స్పష్టముగ నిర్ణయించిన సందర్భములలో తప్ప, వీరు చూడరాదనియు, వైద్యులనుండి వేరుగ తెలియునట్లు వీరి దుస్తులు, బిళ్లలు ఉండవలెననియు సూచించెను. తెరయు పత్రికయు చెప్పక వదలిన మూడు సంగతులనే, అనగా ఎవరు, ఎంతవరకు, ఎవరి బాధ్యతపై అనువానినే, ఆ నివేదిక నియమములుగ వ్రాసినది.

పేరొకటి, అధికారములు వేరు

ఒక దేశపు చిత్రమును ఇంకొక దేశమునకు అంటగట్టుట మరియొక ప్రమాదము. అమెరికాలో 1,70,000కు పైగా వైద్యసహాయకులు కలరు. డిగ్రీ పిమ్మట సుమారు 27 నెలల శిక్షణ, పదేండ్లకొకసారి సామర్థ్యపు పునర్నిరూపణ వారికి విధి. ఏబది రాష్ట్రములలోను వారు మందులు వ్రాయవచ్చును. బ్రిటనులో వారికి ఆ అధికారము లేదు. భారతదేశమున ఈ శిక్షణను 1992లో మద్రాసున డాక్టర్ కె. ఎం. చెరియన్ హృదయ శస్త్రచికిత్సకు తోడుగ ప్రారంభించెను. 2021నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము ఈ వృత్తిని తన పట్టికలో చేర్చినది. కనుక అమెరికా నాటకము చూచిన హైదరాబాదు ప్రేక్షకుడు ఇచ్చటి ఆస్పత్రిలోని సహాయకుని దివ్యవంటి వాడనుకొనుటయు తప్పే; కాంపౌండరనుకొనుటయు తప్పే. తెలుగు సినిమాలో కాంపౌండరు నవ్వించుటకు వచ్చు పాత్ర. ఊరిలోనేమో సూది వేయు ప్రతివాడును డాక్టరే. ఈ రెండు అలవాట్ల మధ్య కొత్తవృత్తి నలిగిపోవుట సులభము.

తెలుగు పత్రికలు ఈ వృత్తిని గూర్చి ఇంకను వ్రాయవలసినది చాల కలదు. చెరపవలసిన పాతబొమ్మ లేకుండుట ఒక సదవకాశము. పొగడ్తతో పనిలేదు, భయపెట్టుటతోను పనిలేదు. గదిలోనికి వచ్చిన వ్యక్తిని 'మీరెవరు?' అని రోగి సంకోచింపక అడుగగలిగి, 'నేను వైద్యసహాయకుడను. నా పని ఇది. నా పై వైద్యుడు ఫలానివారు' అని ఆ వ్యక్తి సిగ్గుపడక చెప్పగలిగిన దినమున చిత్రణ సరియైనదని అనుకొనవచ్చును.