వయస్సు గీసిన రెండు గీతలు
(ఆలస్యంగా వచ్చే స్కిజోఫ్రీనియాపై 2000 నాటి ప్రకటన: ఒక విమర్శ)

స్కిజోఫ్రీనియా యౌవనంలో వచ్చే వ్యాధి అని పాఠ్యగ్రంథాలు చాలాకాలం చెప్పుతూ వచ్చినవి. లేని కంఠస్వరాలు వినబడుట, ఆధారం లేని అనుమానం తిరుగులేని నమ్మకంగా నాటుకొనుట, ఆలోచనల పొందిక చెడుట దీని ముఖ్య లక్షణాలు. అయితే జీవితమంతా ఇల్లు చక్కగా నడుపుకొని వచ్చిన ఒక స్త్రీ 60 ఏండ్లు దాటిన పిమ్మట, పొరుగువారు గోడగుండా విషవాయువు పంపుతున్నారని మొదటిసారిగా అనవచ్చును. ఈ వయస్సు రోగులనుండి వైద్యులు తరచుగా వినే ఫిర్యాదే ఇది. ఇంటివారు దానిని చాదస్తమని తోసివేస్తారు. మరికొందరు మతి పోయినదనీ, ఇక చేయవలసినది లేదనీ అంటారు. ఆమెకు వచ్చినది స్కిజోఫ్రీనియాయా, లేక డిమెన్షియా అనే బుద్ధిక్షీణతకు తొలి మెట్టా? ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం మీదనే ఆమెకు తగిన చికిత్స దొరకుట ఆధారపడి ఉన్నది.

ఈ విషయంలో ఒక క్రమం తెచ్చుటకు రాబర్ట్ హోవర్డ్, పీటర్ రేబిన్స్, మేరీ సీమన్, దిలీప్ జెస్తె గార్లు ఒక అంతర్జాతీయ బృందం పక్షాన 2000లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఒక ప్రకటన వెలువరించినారు. 40 ఏండ్ల తరువాత మొదలైన దానికి 'ఆలస్యంగా వచ్చిన స్కిజోఫ్రీనియా' అనీ, 60 దాటిన పిమ్మట మొదలైన దానికి 'మిక్కిలి ఆలస్యంగా వచ్చిన, స్కిజోఫ్రీనియా వంటి వ్యాధి' అనీ వారు పేర్లు పెట్టినారు. పావు శతాబ్దం గడచినది కనుక ఈ ప్రకటన మంచిచెడ్డలను తూచి చూచుట సమంజసము.

ముందుగా దాని సుగుణాన్ని చెప్పవలెను. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 19వ శతాబ్దపు చివరి దశకంలో ఈ వ్యాధికి 'డిమెన్షియా ప్రీకాక్స్' అన్న పేరును స్థిరపరచినాడు. 'చిన్న వయస్సులోనే వచ్చే బుద్ధిక్షీణత' అని దాని అర్థం. పేరులోనే రెండు తీర్పులు ఉన్నవి: వ్యాధి ముందుగా వచ్చును, బుద్ధి నశించును. స్విట్జర్లండులో యూజెన్ బ్లూలర్ 1908లో 'స్కిజోఫ్రీనియా' అనే పేరు ప్రతిపాదించి ఈ రెండు తీర్పులను తొలగించినాడు. ఆయన కుమారుడు మన్‌ఫ్రెడ్ బ్లూలర్ 1943లో, 40 దాటినవారిలో మొదలైన వ్యాధిని ప్రత్యేకంగా వర్ణించినాడు. 1955లో ఇంగ్లండులో మార్టిన్ రాత్ ప్రచురించిన పరిశీలన మరింత స్పష్టమైనది. ముదిమి వల్ల బుద్ధి క్షీణించిన రోగులలో అధికసంఖ్యాకులు రెండేండ్లలోపల మరణించగా, వృద్ధాప్యంలో భ్రాంతులు, అనుమానాలు మాత్రమే కలిగినవారిలో పెక్కుమంది జీవించియే ఉన్నారు. రెండింటి గతి వేరని దీనివలన తేలినది.

అయినను పాత తీర్పు మరల తలయెత్తినది. 1980లో అమెరికా మనోవైద్య సంఘం ప్రకటించిన రోగనిర్ణయ గ్రంథం, 45 ఏండ్లలోపు మొదలు కానిదానిని స్కిజోఫ్రీనియా అనరాదని శాసించినది. ఇందులోని తర్కదోషాన్ని విద్యార్థులు గమనించవలెను. బాలురకు మాత్రమే ప్రవేశమున్న పాఠశాల రిజిస్టరు చూచి ఆ ఊరిలో బాలికలే లేరనుట ఎట్టిదో, ఇదియు అట్టిదే. నిర్వచనమే సాక్ష్యాన్ని గడప దాటనీయలేదు. 1987లో ఆ నిబంధనను తొలగించినారు. మరుసటి ఏట హారిస్, జెస్తె గార్లు అంతవరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించి, రోగులలో సుమారు 23 శాతం మందికి వ్యాధి 40 దాటిన తరువాతనే మొదలైనట్లు లెక్క తేల్చినారు. వీరిలో స్త్రీలు ఎక్కువ. వయస్సు పేరిట ఎవరినీ వెలివేయరాదని 2000 నాటి ప్రకటన చెప్పుట న్యాయమైన పని.

ఇక లోపాలు. 40, 60 అనే గీతలు ప్రకృతి గీసినవి కావు. నిపుణులు కూర్చుండి ఒప్పుకొన్నవి. వ్యాధి నెమ్మదిగా ప్రవేశించునది. అది మొదలైన తేదీ ఇంటివారి జ్ఞాపకంపై ఆధారపడి ఉండును. 59వ ఏట వచ్చినదానికీ, 61వ ఏట వచ్చినదానికీ వేర్వేరు పేర్లు పెట్టుటకు పుట్టినరోజు తప్ప వేరే కారణం చూపవలసి ఉన్నది.

రెండవ లోపం లోతైనది. ఆలస్యంగా రోగగ్రస్తులైనవారిలో నేర్చుకొను శక్తి, వివేచన అంతగా దెబ్బతినవని కొన్ని పరీక్షలలో కనబడినది. కాని పోల్చుటలో ఒక చిక్కు ఉన్నది. ప్రస్తుత వయస్సు = వ్యాధి మొదలైన వయస్సు + వ్యాధితో గడచిన కాలం. ఇది చిన్న కూడిక. 65 ఏండ్ల రోగులు ఇద్దరిని తీసికొనుడు. ఒకరికి 25వ ఏట, మరొకరికి 60వ ఏట వ్యాధి వచ్చినది. మొదటివారు 40 ఏండ్లు, రెండవవారు 5 ఏండ్లు వ్యాధిని అనుభవించినారు. వ్యాధికాలం సమానంగా ఉన్నవారిని ఎంచుకొన్నచో వయస్సులు వేరగును. రెండింటినీ ఒకేసారి సమానం చేయుట గణితానికే సాధ్యం కాదు. కనుక కనబడిన తేడా వ్యాధి స్వభావమా, దీర్ఘకాల రోగఫలమా, మందుల ఫలమా అన్నది ఒక్కనాటి పరీక్షతో తేలదు.

మెదడు చిత్రాల విషయమూ ఇంతే. 1995 నాటి ఒక ఎం.ఆర్.ఐ. పరిశీలనలో ఈ రోగుల మెదడులోని ద్రవపు గదులు ఆరోగ్యవంతుల గదులకన్న పెద్దవిగా కనబడినవి. కాని వయస్సు పైబడినకొలది ఆరోగ్యవంతులలోను ఆ గదులు విశాలమగును. సమవయస్కులతో పోల్చనిదే అట్టి కొలతకు విలువ లేదు. మెదడు తెల్లపదార్థంలో మచ్చలు అధికమని తొలి పరిశోధకులు చెప్పినారు. రక్తనాళ వ్యాధులు, నరాల వ్యాధులు ఉన్నవారిని వేరుచేసి చూచిన తరువాతి పరిశీలనలలో ఆ తేడా నిలువలేదు. ఎవరిని పరీక్షకు ఎంచుకొన్నారన్నదే ఫలితాన్ని నిర్ణయించినది.

కాలమే సరియైన న్యాయమూర్తి. 2003లో రెండు పరిశీలనలు వెలువడినవి. శాన్‌డియాగో పరిశోధకులు తమ రోగుల బుద్ధిశక్తి ఏటేటా నిలకడగానే ఉన్నదనీ, ఆల్జైమర్ రోగులలో వలె దిగజారలేదనీ చెప్పినారు. సిడ్నీలో హెన్రీ బ్రొడాటి బృందం 50 దాటిన తరువాత వ్యాధి వచ్చినవారిని అయిదేండ్లు అనుసరించగా, 19 మందిలో 9 మందికి డిమెన్షియా కలిగినది. పోల్చుటకు తీసికొన్న 24 మందిలో ఒక్కరికీ కలుగలేదు. 2009లో డెన్మార్కు జాతీయ రిజిస్టర్ల పరిశీలన కూడ ఈ రోగులకు డిమెన్షియా ముప్పు ఎక్కువని తెలిపినది. సిడ్నీ సంఖ్యలు చిన్నవి, ఎంపిక వేరు. అయినను ఒకే పేరు క్రింద రెండు విధాల రోగులు కలిసి ఉన్నారని అనుమానించుటకు ఇది చాలును: మెదడు క్షీణత లేనివారు కొందరు, క్షీణతకు ఈ భ్రాంతులే తొలి సూచన అయినవారు కొందరు. 60 దాటినవారి విషయంలో 'వంటి' అన్న మాట చేర్చిన ప్రకటనకర్తల జాగ్రత్త ఇక్కడ మెచ్చుకొనదగినది. కాని ఆ రెండు విధాలను వేరుచేయు మార్గాన్ని వయస్సు గీత చూపలేదు.

దీనివలన నిరాశ చెందనక్కరలేదు. 2018లో బ్రిటన్‌లో 60 దాటిన 101 మంది రోగులపై జరిగిన పరీక్షలో, యువకులకిచ్చే మోతాదు కన్న చాల తక్కువైన అమిసల్‌ప్రైడ్ మందు ఉత్తుత్తి మాత్రకన్న మేలు చేసినట్లు రుజువైనది. ఏ మందైనను వైద్యుడే నిర్ణయించవలెననుట వేరుగా చెప్పనక్కరలేదు. చెవి, కన్ను సరిగా పనిచేయుచున్నవో లేదో మొదట చూడవలెను. వినికిడి తగ్గినవారిలో ఇట్టి అనుమానాలు ఎక్కువగా కనబడినవి. పిదప జ్ఞాపకశక్తిని నియమిత కాలాలలో మరల మరల పరీక్షించవలెను. క్రేపెలిన్ పేరు రోగి భవిష్యత్తును ముందే తీర్పు చెప్పినది. 2000 నాటి ప్రకటన ఆ తీర్పును కొట్టివేసినది గాని, దాని స్థానంలో రెండు పుట్టినరోజులను ఉంచినది. రాబోవు నిర్వచనం పుట్టినతేదీని కాక, ఏటేటా మారుచున్న రోగిని చూడగలిగినప్పుడే 'చాదస్తం' అన్న మాట క్రింద మరుగుపడిన వృద్ధులకు న్యాయం జరుగును.