ఇన్సులిన్ కథ: మనము చెప్పేది, జరిగినది

ఇన్సులిన్‌ను కనుగొన్నది ఎవరు అని అడిగితే ఉన్నత పాఠశాల విద్యార్థి తడుముకోకుండా "బాంటింగ్" అని చెబుతాడు. కొంచెము ఎక్కువ చదివినవాడు "బాంటింగ్, బెస్ట్" అంటాడు. ఒక మార్కు వస్తుంది. ఆ జవాబు వెనుక మనము తరగతిలో చెప్పే కథ కూడా అందరికీ తెలిసినదే. పేరు ప్రతిష్ఠలు లేని ఒక యువ వైద్యునికి ఒక రాత్రి మెరుపువంటి ఊహ తట్టినది. పెద్దలు పెదవి విరిచినారు. అతడు పట్టు వదలక ఒక విద్యార్థిని తోడు చేసుకొని, కుక్కలపై ప్రయోగాలు చేసి, తన ఊహను నిజము చేసినాడు. లక్షలాది ప్రాణాలు నిలిచినవి. కథ బాగున్నది. వినే పిల్లలకు ఉత్సాహము కలుగుతుంది. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆ ఊహ తప్పు.

ఈ సంగతిని సాక్ష్యాధారాలతో వివరించిన గ్రంథము ఒకటి ఉన్నది. టొరంటో విశ్వవిద్యాలయములో చరిత్ర బోధించిన మైకేల్ బ్లిస్ 1982లో ప్రకటించిన "ది డిస్కవరీ ఆఫ్ ఇన్సులిన్" అనే పుస్తకమది. వెలువడి నలభై ఏళ్లు దాటినా, విశ్వవిద్యాలయాలలో కొత్త వస్తువులు ఎట్లా పుడతాయో తెలుసుకొనగోరే ఉపాధ్యాయునికి ఇది నేటికీ పనికివచ్చే పుస్తకము. దాని గుణదోషాలను పరిశీలించడము, దానిని బట్టి మన బోధనను సరిచూసుకోవడము ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా విషయము. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్క క్లోమమును తొలగించగా దానికి మధుమేహము వచ్చినది. క్లోమము జీర్ణరసమునే కాక, చక్కెరను అదుపులో ఉంచే మరొక పదార్థమును కూడా రక్తములోకి విడుస్తున్నదని దీనిని బట్టి తెలిసినది. ఇక ఆ పదార్థమును బయటికి తీయడమే తరువాయి. ముప్పై ఏళ్లపాటు ఎందరో ప్రయత్నించినారు. బెర్లిన్‌లో జూల్జర్, షికాగోలో స్కాట్, న్యూయార్క్‌లో క్లైనర్, బుకారెస్ట్‌లో పాలెస్కూ క్లోమసారములను తయారుచేసి జంతువులపై పరీక్షించినారు. జూల్జర్ రోగులకు కూడా ఇచ్చి చూచినాడు. ఫలితము కొంత కనిపించేది. దానితోపాటు జ్వరము, ఇతర బాధలు వచ్చేవి. ఈలోగా, నేడు టైపు 1 అని పిలిచే మధుమేహము వచ్చిన పిల్లలకు వైద్యులు చేయగలిగినదల్లా ఆహారమును బాగా తగ్గించి మరణమును కొన్ని నెలలు వాయిదా వేయడమే.

1920 అక్టోబరు 31వ తేదీ రాత్రి, కెనడాలో లండన్ అనే పట్టణములో, ఫ్రెడరిక్ బాంటింగ్ అనే శస్త్రవైద్యుడు ఒక వ్యాసము చదివినాడు. క్లోమనాళమునకు అడ్డు పడితే జీర్ణరసమును తయారుచేసే కణాలు నశిస్తాయని, లాంగర్‌హాన్స్ పుటికలు మాత్రము మిగులుతాయని అందులో ఉన్నది. ఇంతవరకు సారము తీసినవారు విఫలులు కావడానికి కారణము, క్లోమములోని జీర్ణరసమే ఆ పదార్థమును హరించివేయడము అని బాంటింగ్ భావించినాడు. నాళమును ముడివేసి, కొన్ని వారాలు ఆగి, మిగిలిన క్లోమము నుండి సారము తీస్తే సరిపోతుందని అతని ఊహ.

ఇందులో తప్పు ఎక్కడ ఉన్నది? మాంసకృత్తులను జీర్ణము చేసే ట్రిప్సిన్ క్లోమములో ఉన్నంతవరకు నిద్రాణ రూపములో ఉంటుంది. చిన్నప్రేగులోకి చేరిన తరువాతనే అది పని ప్రారంభిస్తుంది. అట్లా కాకపోతే క్లోమము తన్ను తానే జీర్ణించుకొనవలసి వచ్చేది! కనుక తాజా క్లోమమును చల్లగా ఉంచి, ఆల్కహాలుతో సారము తీస్తే చాలు. నాళమును ముడివేయనక్కరలేదు, వారాల తరబడి ఆగనక్కరలేదు.

ఈ సంగతి ఎవరో వచ్చి చెప్పలేదు. టొరంటో ప్రయోగశాలలో జరిగిన పనియే క్రమముగా బయటపెట్టినది. బ్లిస్ గ్రంథములో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచిన భాగమిదే. అతడు బాంటింగ్, బెస్ట్‌ల ప్రయోగపు నోటు పుస్తకాలను ముందు పెట్టుకొని రోజువారీగా కథ నడుపుతాడు. 1921 మే నెలలో పని ఆరంభమైనది. మొదటి వారాలలో చాలా కుక్కలు శస్త్రచికిత్సకే చనిపోయినవి. జూలై 30న 410 సంఖ్య గల కుక్కకు సారము ఎక్కించగా, 100 ఘన సెంటీమీటర్ల రక్తములో 200 మిల్లీగ్రాములు ఉన్న చక్కెర ఒక గంటలో 120కి దిగినది. ఇది ఆశ కలిగించిన ఫలితమే. కాని కొన్నిసార్లు చక్కెర దిగలేదు, కొన్నిసార్లు పెరిగినది. నోటు పుస్తకాలలోని అంకెలకు, తరువాత అచ్చయిన వ్యాసానికి అక్కడక్కడ పొందిక కుదరదని బ్లిస్ దాచకుండా చూపుతాడు. డిసెంబరు నాటికి కబేళా నుండి తెచ్చిన పశువుల క్లోమములతోనే, నాళము ముడి లేకుండానే, సారము పనిచేస్తున్నదని తేలినది. ఏ ఊహతో పని మొదలైనదో ఆ ఊహ అక్కడితో అనవసరమైపోయినది. పని మాత్రము ముందుకు సాగినది.

అప్పటికీ అది ఔషధము కాలేదు. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో లెనార్డ్ థామ్సన్ అనే పధ్నాలుగేళ్ల బాలునికి బాంటింగ్, బెస్ట్‌ల సారమును ఎక్కించినారు. బాలుని బరువు అప్పటికి 30 కిలోగ్రాములకు మించి లేదు. రక్తములో చక్కెర 440 నుండి 320కి మాత్రమే దిగినది. సూది గుచ్చినచోట చీముగడ్డ లేచినది. చికిత్స ఆపివేసినారు. మన కథ నిజమైతే ఆనాడే విజయభేరి మ్రోగవలసినది!

మళ్లీ జనవరి 23న ఇచ్చిన సారము వేరు. దానిని తయారుచేసినవాడు జేమ్స్ కోలిప్, ఆల్బెర్టా విశ్వవిద్యాలయము నుండి వచ్చిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు. ఆల్కహాలు పాలును మెల్లగా పెంచుతూ పోతే ఒక దశలో కల్మషాలు చాలావరకు అడుగున పేరుకొని, కావలసిన పదార్థము ద్రవములోనే నిలుస్తుందని, 90 శాతానికి పైగా పెంచితే ఆ పదార్థము కూడా పేరుకొంటుందని అతడు కనిపెట్టినాడు. సారము బలమును కుందేళ్లపై పరీక్షించి కొలిచినాడు. ఈసారి థామ్సన్ రక్తములో చక్కెర 520 నుండి 120కి దిగినది. మూత్రములో కీటోనులు కనిపించకుండా పోయినవి. బాలుడు బ్రతికినాడు, 1935 వరకు జీవించినాడు. 1922 ఆగస్టులో చికిత్సకు వచ్చిన ఎలిజబెత్ హ్యూస్ అనే బాలిక 1981 వరకు జీవించినది.

కోలిప్‌ను చేర్చుకొన్నది ఎవరు? ప్రయోగశాలను, కుక్కలను, బెస్ట్‌ను ఇచ్చినది ఎవరు? సరిపోల్చి చూసే ప్రయోగాలు చేయకుండా ఫలితాలను నమ్మవద్దని పట్టుబట్టినది ఎవరు? శరీరధర్మశాస్త్ర శాఖాధిపతి మాక్లియాడ్. మన కథలో అతడు పెదవి విరిచిన పెద్దమనిషి. లేదా పేరైనా లేనివాడు. 1923 నోబెల్ బహుమానము బాంటింగ్, మాక్లియాడ్‌లకు వచ్చినది. బాంటింగ్ తన సొమ్ములో సగము బెస్ట్‌కు, మాక్లియాడ్ తన సొమ్ములో సగము కోలిప్‌కు ఇచ్చినారు. మాక్లియాడ్‌కు బహుమానము అన్యాయముగా దక్కినదని చాలాకాలము చెప్పుకొన్నారు. బ్లిస్ ఈ వ్యాజ్యమును తిరిగి విచారించి, నలుగురిలో ఎవరు లేకపోయినా ఇన్సులిన్ అప్పుడు అక్కడ వచ్చేది కాదని తీర్పు చెబుతాడు. ఈ తీర్పు న్యాయమైనదని నా అభిప్రాయము.

ఇక లోపాలు. మొదటిది, ఈ నలుగురి మధ్య నడిచిన కలహాలకు గ్రంథములో చోటు ఎక్కువ. అవి చదవడానికి రుచిగానే ఉంటాయి. కాని ఆల్కహాలు ఎందుకు పనిచేసినది, 1922 వసంతకాలములో ఎక్కువ మొత్తములో చేయబోతే సారము ఎందుకు చెడిపోయినది అనే ప్రశ్నల దగ్గర విజ్ఞానశాస్త్రపు పాఠకుని ఆకలి పూర్తిగా తీరదు. ఒక గ్లాసు పరిమాణములో చేసిన పని పీపా పరిమాణములో జరగదు. వేడి, పీడనము, ఆమ్లత అన్నీ మారిపోతాయి. ఇది ఇంజనీరింగు సమస్య. ద్రవము ఆమ్లతను ఒక నిర్ణీత స్థాయికి తెచ్చినప్పుడు ఇన్సులిన్ తానుగా విడివడుతుందని అమెరికాలోని లిల్లీ కంపెనీలో పనిచేసిన జార్జి వాల్డెన్ 1922 చివరలో గుర్తించిన తరువాతనే సరకు పుష్కలమైనది. వైద్య పరిశోధన ఆసుపత్రికి చేరడానికి మధ్య ఈ మెట్టు ఎప్పుడూ ఉంటుంది. గ్రంథము దీనిని ప్రస్తావిస్తుంది; కాని దానికి తగినంత వెలుగు చూపలేదు.

రెండవ లోపము, కొలత విషయము. పూర్వము రక్తములో చక్కెరను కొలవాలంటే చాలా రక్తము కావలసి వచ్చేది; గంట గంటకు కొలిస్తే చిన్న జంతువు అందుకే చనిపోయేది. కొద్దిపాటి రక్తముతో కొలిచే పద్ధతులు 1910 తరువాత వచ్చినవి. జూల్జర్‌కు లేని ఈ సౌకర్యము టొరంటోవారికి ఉన్నది. ఒక అధ్యాయము పట్టవలసిన సంగతి ఇది. అటువంటి పద్ధతులను రూపొందించినవారిలో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన ఓటో ఫోలిన్ ఒకడు. భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసినది ఆ ఫోలిన్ అధిపతిగా ఉన్న శాఖలోనే. సైరస్ ఫిస్క్‌తో కలసి వారు 1925లో ప్రకటించిన భాస్వరమును కొలిచే పద్ధతి కూడా ఈ కోవకు చెందినదే. కొలత చేతికి రాగానే కండరములోని ఫాస్ఫోక్రియాటిన్ 1927లో వారికి కనబడినది. కొలిచే పద్ధతి కనుగొన్నవాని పేరు పాఠములోకి రాదు; కాని అతడు లేక పాఠము లేదు.

పాలెస్కూ విషయములో బ్లిస్ నిష్పక్షపాతముగానే వ్రాసినాడు. ఆ రుమేనియా శాస్త్రజ్ఞుడు 1921లోనే తన ఫలితాలను ప్రకటించినాడని, టొరంటోవారు తమ మొదటి వ్యాసములో వాటిని తప్పుగా ఉదహరించినారని ఒప్పుకొన్నాడు. అయినా మనిషికి పనికివచ్చే మందుగా చేసినవారికే ప్రథమస్థానము ఇచ్చినాడు. ఈ గీటురాయిని పాఠకుడు అంగీకరించవచ్చు, అంగీకరించకపోవచ్చు. తరగతిలో వాదోపవాదానికి ఇది మంచి అంశము.

పేటెంటు సంగతి కూడా చెప్పాలి. బాంటింగ్, బెస్ట్, కోలిప్‌లు తమ హక్కులను ఒక్కొక్క డాలరు చొప్పున టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చివేసినారు. నాసిరకము మందు తయారు కాకుండా చూడడానికి విశ్వవిద్యాలయము ఆ హక్కును వాడుకొన్నది. దీనిని పిల్లలకు త్యాగకథగా చెబుతాము, తప్పులేదు. కాని అక్కడ ఆపితే అసత్యమవుతుంది. ఈ గ్రంథము వెలువడిన 1982లోనే, బాక్టీరియాల చేత తయారుచేయించిన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి లభించినది. తరువాత వచ్చిన కొత్త రకాలకు కొత్త పేటెంట్లు, కొత్త ధరలు వచ్చినవి. అమెరికాలో ధరలు తగ్గిస్తున్నామని పెద్ద కంపెనీలు 2023లో ప్రకటించవలసినంత దూరము విషయము పోయినది. ఒకనాటి దానము శాశ్వతమైన ఏర్పాటు కాదని దీనిని బట్టి తెలుస్తుంది.

ఇదంతా మన తరగతి గదికి ఎందుకు? మన ప్రయోగశాలలలో జరిగేది మనకందరికీ తెలుసు. లోలకము డోలన కాలము కొలవమంటే విద్యార్థి ముందుగా 980 అనే అంకెను గుర్తుంచుకొని, దానికి తగినట్లు పట్టిక నింపుతాడు. రికార్డు పుస్తకము నిర్దోషముగా ఉంటుంది. అందులో ప్రయోగము ఉండదు. అతనిని నిందించి లాభము లేదు. గొప్పవానికి సరియైన ఊహ తట్టుతుందని, ప్రయోగము దానిని ఋజువు చేస్తుందని మన కథలన్నీ అతనికి నేర్పినవి. ప్రయోగము ఊహకు ఎదురు తిరిగితే తన చేతిలోనే ఏదో లోపమని అతడు అనుకొంటాడు, అంకెను దిద్దుతాడు. బాంటింగ్, బెస్ట్‌లు ఎదురు తిరిగిన అంకెలను కూడా నోటు పుస్తకములో వ్రాసి ఉంచినారు. అందువల్లనే అరవై ఏళ్ల తరువాత ఒక చరిత్రకారుడు నిజమును చూడగలిగినాడు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. ఇన్సులిన్ పాఠము వచ్చినప్పుడు "కనుగొన్నది ఎవరు" అనే ప్రశ్నను పూర్తిగా తీసివేయనక్కరలేదు. దాని తరువాత మరి రెండు ప్రశ్నలు వేయండి. బాంటింగ్ మొదటి ఊహలో తప్పు ఏమిటి? అది తప్పని ఏ ప్రయోగము వల్ల తెలిసినది? ఈ రెండింటికి జవాబు చెప్పగలిగిన విద్యార్థి, తన లోలకానికి 980 బదులు 940 వచ్చిన రోజున ఆ అంకెను చెరిపివేయడు. 940 అనే వ్రాసి, ఎందుకు వచ్చినదని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మనము విసుగుకొనకుండా జవాబు వెదకాలి.