మిద్దె విప్పే ముందు

2019 ఫిబ్రవరి 17న మహబూబ్‌నగర్ నుంచి విడివడి జిల్లా అయిన నారాయణపేటలో, మక్తల్, దామరగిద్ద, మాగనూరు వైపు పల్లెల్లో, బయటికి మట్టికప్పుగా కనిపించే పాత మిద్దె లోపలంతా కట్టెపనే. గోడ నుంచి గోడకు వేసే పెద్ద మాను దూలం. దూలాల మీద అడ్డంగా పేర్చే సన్నపాటి కట్టెలు దంతెలు. వాటి మీద చెక్కలో బండలో పరిచి, ఆకు అలము కప్పి, మట్టి పోసి, నీరు దిగకుండా పైపొరగా చౌడుమట్టి పరుస్తారు. కప్పు కారినప్పుడల్లా మరికొన్ని తట్టల మట్టి పోయడం ఆనవాయితీ కాబట్టి, తరాలు గడిచేకొద్దీ కట్టె బలం తగ్గుతూ, దాని మీది బరువు పెరుగుతూ వస్తాయి.

ఇలాంటి ఇంటిని బాగుచేయబోయే వడ్రంగి మేస్త్రీ నేర్పు రంపం పట్టకముందే తెలిసిపోతుంది. దూలం ముందుగా పుచ్చేది నడుమ కాదు, చెమ్మ పట్టే గోడలో దిగిన కొసల దగ్గర. అందుకే అతడు గోడ అంచు వెంబడి సుత్తితో తట్టుతూ పోతాడు, గట్టి కట్టె ఖంగుమంటే చెద తిన్నది డొల్లగా పలుకుతుంది, అనుమానం తీరకపోతే ఉలి మొన గుచ్చి రాలే పొడిని చూస్తాడు. తర్వాత ఆ అంకణం, అంటే రెండు దూలాల నడుమ జాగా, మీది మట్టిని దింపించి, రెండు పక్కలా బండల మీద ఆసరా మొద్దులు నిలిపి బిగించాకే దూలాన్ని కదపనిస్తాడు. మట్టి దింపకుండా దూలం లాగించే మేస్త్రీకి ఎంత పనితనమున్నా ఇల్లు అప్పగించరాదు. కొస పుచ్చిన వేపదూలంలో చేవ, అనగా మాను నడిమి ముదురు కట్టె, మిగిలి ఉంటే కోసి కిటికీ చట్రానికో గడపకో వాడవచ్చు. పాతికేళ్లు ఆరిన ఆ కట్టె కొత్త పచ్చికట్టెలా వంకరపోదు. అయితే లోపల దాగిన పాత మేకులను వెతికి తీయకపోతే రంపం పళ్లు పోతాయి, కోతమిషను ఎక్కడో మండల కేంద్రంలో ఉన్న ఊరిలో అది ఒక పూట పనిని మింగుతుంది.

ఇంటివాళ్లు అదే ఇంట్లో వండుకుంటూ ఉంటారు కాబట్టి గదికి గది విప్పాలి, పైగా కప్పు మూయడం మిరుగులోపు, అంటే జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తెలోపు, ముగియాలి. ఎండాకాలంలో బిగించే తలుపు వానకు ఉబ్బుతుంది గనుక చట్రానికీ రెక్కకూ నడుమ సందు వదలాలన్న సంగతి కొత్తగా చేరిన కుర్రాడికి మేస్త్రీయే చేసి చూపాలి.

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతంలో, మేస్త్రీ అనగానే బయానా ఇచ్చి కూలీలను దూరదేశపు ప్రాజెక్టులకు తోలుకుపోయిన గుంపు మేస్త్రీ గుర్తుకు వస్తాడు; పనిముట్టు పట్టి ముందు నడిచే వడ్రంగి మేస్త్రీ లెక్క వేరు. పాత ఇంటిపనిని మొత్తంగా గుత్తకు, అంటే ముందే ఒక ధర తెంపి, ఒప్పుకోవడం ఇరుపక్షాలకూ నష్టమే, ఎందుకంటే మట్టి కింద ఎన్ని దంతెలు పోయాయో విప్పేదాకా ఎవరూ చెప్పలేరు. విప్పే పనికి దినకూలి, కట్టె లెక్క తేలాక బిగించే పనికి గుత్త అనే పద్ధతిలో జట్టుకు తొందర ఉండదు, ఇంటాయనకు అనుమానమూ ఉండదు.