మజిలీల పుస్తకం

ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'ను మొన్న లక్కడ్‌కోట్‌లో బస్సు కోసం కూచుని మళ్ళీ చదివాను. అరవై అయిదు దాటిన ఒంటరి ప్రయాణం; నాకు తొందరేముంది? 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చేసరికి ఆయనకీ యాభై ఏళ్ళు వచ్చాయి. ఊరూరా నీళ్ళెలా ఉన్నాయి, బస దొరుకుతుందా, అంగళ్ళున్నాయా అని రాసుకుంటూ పోయారు. కాశీ కన్నా నాకు ఆ మజిలీలే ఇష్టం. ఇప్పటి మన యాత్రారచయితలు చాలామంది గుడి దగ్గర దిగి గుడి దగ్గరే బండెక్కుతారు. నడుమ ఊళ్ళుండవు.

ఆయనతో ఒక్క పేచీ ఉంది. పల్లకీ, బోయీలు, పరివారంతో దిగిన పెద్దమనిషికి ఊరు ఒకలా కనిపిస్తుంది, సంచీ పట్టుకున్న ముసలాడికి ఇంకోలా. "ఏ ఊరయ్యా, ఎవరింటికి?" అని ఇక్కడొక అవ్వ తెలుగులోనే అడిగింది. నిర్మల్ మీదుగా నాగపూరు పోయిన వీరాస్వామయ్యగారి దారి దీనికి పడమరగా ఉండిపోయింది. రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోదే.

అవ్వ మనవడు నా పుస్తకం తీసుకుని తిరగేశాడు. ఇదే లిపి అని ఆమెను మరాఠీలో అడిగాడు. ఆమెకూ చదవడం రాదు. మనం మాట్లాడేదేరా, అంది.