టీ తాగమనే రోగం, వద్దనే రోగం

నాకున్నది తలసేమియా ఇంటర్మీడియా. పుట్టుకతో వచ్చిన రక్తపు జబ్బు. మేజర్ రకం ఉన్న పిల్లల్లా రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోనక్కర్లేదు గానీ, గట్టి జ్వరమో ఆపరేషనో వస్తే తప్పదు. దానికి తోడు కొన్నేళ్లుగా ఛాతీలో మంట, పులితేన్పులు. మా ఊరు మాధవరంలో ఈ రెండోదాన్ని ఎవరికీ వివరించే పని లేదు. "గ్యాస్" అంటే చాలు, అడిగిన ఇంట్లోనల్లా ఒక మాత్ర దొరుకుతుంది. మొదటిదాని పేరు మాత్రం రెండుసార్లు చెప్పాలి. ఈ రెండూ ఒకే మనిషికి ఉంటే తిండి, నిద్ర, మందు ఎలా కుదుర్చుకోవాలో ఎవరూ ఒకచోట కూర్చోబెట్టి చెప్పరు. రక్తం డాక్టరు రక్తం గురించి, కడుపు డాక్టరు కడుపు గురించి చెప్పి పంపుతారు.

టీ సంగతే చూడండి. తలసేమియాలో ఎర్రకణాలు చాలా వరకు ఎముకల మూలుగలోనే, సరిగా తయారుకాకుండానే చచ్చిపోతాయి. రక్తం చాలడం లేదని శరీరం తిండిలోంచి ఇనుమును అవసరానికి మించి లాక్కుంటుంది. రక్తం ఎక్కించుకోని వాళ్లకు కూడా ఈ తిండి ఇనుమే ఏళ్ల తరబడి కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుపోతుంది. అందుకే భోజనంతో పాటు టీ తాగమంటారు. టీలోని టానిన్లు ఇనుమును పట్టుకుని ఒంటికి అంతగా ఎక్కనివ్వవు. తలసేమియా ఉన్నవాళ్లలో ఇది నిజమేనని 1979లోనే అమెరికా వైద్యులు కొలిచి చూపించారు. మరి ఛాతీమంట చూసే డాక్టరు ముందుగా మానమనే వాటిలో టీ ఒకటి. అన్నవాహిక కింది చివర బిగుసుకుని ఉండే కండరాన్ని టీ, కాఫీ, పొగాకు, నూనెలో వేయించిన తిండి సడలిస్తాయి. అది సడలితే ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. ఒకరు తాగమన్నారు, ఒకరు వద్దన్నారు. ఇద్దరిదీ సరైన మాటే.

నేను చేసుకున్న ఏర్పాటు ఇది. పరగడుపున టీ లేదు. అన్నం సగం తిన్నాక చిన్న గ్లాసులో పలచటి టీ, గోరువెచ్చగా. ఆ తర్వాత మిగతా సగం. కడుపులో తిండి ఉంటుంది కాబట్టి మంట తక్కువ. ఇనుము వచ్చేది ఆ తిండితోనే కాబట్టి టీ చేయాల్సిన పనీ అప్పుడే. చుట్టాలిళ్లలో అన్నం మధ్యలో టీ అడిగితే వింతగా చూస్తారు. అడగడం మాత్రం మానలేదు.

రెండు రోగాలూ ఒకమాట మీదుండే తిండి కూడా ఉంది. జొన్నరొట్టె అలాంటిది. జొన్నల్లో ఉండే ఫైటేట్లు ఇనుమును అంత తేలిగ్గా వదలవు, కడుపుకూ అది తేలిక. పక్కన చెనిక్కాయల పొడిలో కారం తగ్గిస్తే ఆ పూటకు ఇబ్బంది లేదు. నిమ్మకాయ విషయంలోనూ రెంటికీ ఒకటే మాట. విటమిన్ సి ఇనుమును ఇంకా బాగా ఒంటికి పట్టిస్తుంది, పులుపు గొంతుదాకా మంట పెడుతుంది. మా వైపు బొరుగులతో చేసే ఉగ్గానికి మాత్రం చివర్లో నిమ్మరసం పడాల్సిందే. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర పొద్దున్నే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ తినకుండా బస్సెక్కడం పశ్చిమ కర్నూలు మనిషికి ఎంత కష్టమో ఈ కాలమ్ చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అందుకని ఇంట్లో అమ్మ నా వాటా వేరుగా తీస్తుంది. బొరుగులు నీళ్లలో ముంచి, మెత్తబడీ పడకముందే తీసి, రెండు అరచేతుల మధ్య నీళ్లు కారిపోయేదాకా పిండుతుంది. బాణలిలో ఒక చెంచా నూనె, ఎర్రగడ్డ బాగా మగ్గాక పసుపు, కరివేపాకు. పచ్చిమిర్చి నిలువునా చీల్చి వేసి, వాసన దిగాక నా వాటాలోంచి ఏరేస్తుంది. పైన పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి దంచిన పొడి రెండు పిడికిళ్లు. ఆ పొడి రుచి ముందు నిమ్మకాయ లేని లోటు పెద్దగా తెలియదు. బజ్జీకి మాత్రం బదులు దొరకలేదు.

పడక దగ్గర చిక్కు ఇంకా పెద్దది. ఈ జబ్బులో ప్లీహం పెరుగుతుంది. మా ముసలివాళ్లు కడుపులో బల్ల అంటారు. ఎడమ పక్కటెముకల కిందినుంచి దిగి, సగం నిండిన సంచి మీద రాయి పెట్టినట్టు జీర్ణాశయాన్ని నొక్కుతుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, అయిదో ముద్దకు పులితేన్పు వస్తుంది. ఛాతీమంట ఉన్నవాళ్లను ఎడమవైపు తిరిగి పడుకోమంటారు. అలా పడుకుంటే ఆమ్లం అన్నవాహిక నోటికి కింద ఉండిపోతుంది. ఆ ఎడమవైపే నాకు బల్ల ఉంది. అటు ఒత్తిగిలితే బరువు, నొప్పి. కుడివైపు తిరిగితే మంట.

చివరకు మంచాన్నే మార్చాల్సి వచ్చింది. ఎత్తు తలగడలతో లాభం లేదు. మెడ, నడుము వంగి కడుపు మడతపడుతుంది, మంట ఇంకా ఎక్కువవుతుంది. తలవైపు మంచాన్నే జానెడు లేపాలి. ఇటుకలు పెడితే కోళ్లు జారాయి. అమ్మ బేతంచెర్ల బండల ముక్కలు తెచ్చి పేర్చింది. ఇల్లు పరిచినప్పుడు మిగిలినవి. చదునుగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి కదలకుండా కూర్చుంటాయి. నులక మంచానికి ఇంకో పని కూడా ఉంది. నడుమ కుంగితే తల లేపిన ఫలితమంతా పోతుంది, కాబట్టి కాళ్లవైపు తాడు తరచూ బిగించుకోవాలి. ఇప్పుడు వెల్లకిలా, కొంచెం ఎడమకు వాలి, బల్ల కింద ఒక మెత్తటి దుప్పటి మడత పెట్టుకుని పడుకుంటున్నాను. రాత్రి తిండి దీపాలు పెట్టే వేళకే అయిపోవాలి. సంగటి అయితే మధ్యాహ్నమే.

ఇక మందులు. పేరుకున్న ఇనుమును బయటికి పంపే డెఫెరాసిరాక్స్ 2005లో అమెరికాలో అనుమతి పొందింది. అంతకుముందు ఆ పనికే రాత్రంతా సూది గుచ్చుకుని పంపు కట్టుకుని పడుకున్నవాళ్ల బాధ తెలిసినవాడిగా, ఈ మాత్రను తక్కువచేసి మాట్లాడలేను. కానీ నీళ్లలో కరిగించి పరగడుపున తాగే రకం కడుపును కలచివేస్తుంది. కొందరికి పుండ్లు పడి రక్తం కారే ప్రమాదమూ ఉంది. మంట పుట్టగానే ఎవరో గ్యాస్‌కని గులాబీ సిరప్ ఇస్తారు. అలాంటి చాలా మందుల్లో అల్యూమినియం ఉంటుంది. డెఫెరాసిరాక్స్‌తో కలిపి అది తీసుకోకూడదు. తలసేమియాలో ఎముకల నొప్పులు మామూలే, వాటికి మెడికల్ షాపులో అడగకుండానే చేతిలో పెట్టే నొప్పి మాత్రలు కడుపు పొరను ఇంకా చెడగొడతాయి. షాపువాళ్లను తప్పుపట్టను. వాళ్లకు మన జబ్బు పేరు మనమే చెప్పాలి.

నా భయమంతా ఆ "గ్యాస్" అన్న మాటతోనే. చితికిన ఎర్రకణాల రంగు పిత్తాశయంలో చేరి రాళ్లవుతుంది, ఈ జబ్బులో అది చాలామందికి వస్తుంది. ఆ నొప్పి కూడా తిన్నాక, పొట్ట పైభాగంలోనే వస్తుంది. ఇనుము పట్టిన గుండె ఇబ్బంది పెట్టినా బరువు ఛాతీలోనే. కడుపులో రక్తం కారితే మామూలు మనిషికి నీరసం వచ్చి తెలుస్తుంది. మాకు నీరసం ఎప్పుడూ ఉండేదే కాబట్టి తెలియదు. మలం తారులా నల్లగా ఉందా అని చూసుకోవడం అందుకే అలవాటు చేసుకున్నాను. అలా కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి.

"ఏమప్పా, మొగం పాలిపోయింది, రక్తం లేదేమో, ఐరన్ మాత్రలు వేసుకో" అని ప్రేమగా చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. వాళ్లందరికీ ఒకటే విన్నపం. తెల్లబడిన ప్రతి మొహానికీ ఇనుము మందు కాదు. మాకు అది విషంలా పేరుకుంటుంది, పైగా ఆ మాత్రే కడుపులో మంట పెడుతుంది. నేను వేసుకునేది ఫోలిక్ ఆసిడ్. ఆ మందు వెనకున్న మనిషి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నను స్ప్రూ బలితీసుకుంది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించే పేగు జబ్బు అది. కడుపుకూ రక్తానికీ ఉన్న చుట్టరికాన్ని ఆయన ఇంట్లోనే చూశారు. తర్వాత 1940ల్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. స్ట్రిప్ చించిన ప్రతిసారీ ఆయన్ను తలచుకుంటాను.

ఇప్పుడు తేలాల్సింది ఆమ్లాన్ని తగ్గించడానికి నేను వాడే పాంటాప్రజోల్ సంగతి. ఇనుము ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఇనుము పేరుకునే మరో జబ్బు, హీమోక్రొమటోసిస్ ఉన్నవాళ్లలో ఈ జాతి మాత్రలు ఇనుము పట్టడాన్ని తగ్గిస్తాయని 2007లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. అంటే మంట తగ్గించే మాత్ర రక్తపు జబ్బుకూ కొంత మేలు చేయొచ్చు. అయితే ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, ఎముకలు విరిగే అవకాశమూ పెరుగుతుందంటారు. తలసేమియా ఎముకలు ముందే పలచన. ఈసారి ఇద్దరు డాక్టర్ల చీటీలూ ఒకే ఫైలులో పెట్టి రక్తం డాక్టరుగారి ముందుంచాను. ఆయన వెంటనే ఏదీ ఆపలేదు. ముందు ఎముకల సాంద్రత స్కాన్ తీయించమన్నారు. అది చూశాకే ఆ మాత్ర కొనసాగించాలో, తగ్గించాలో కడుపు డాక్టరుతో తానే మాట్లాడతానన్నారు. స్కాన్ కోసం కర్నూలు వెళ్లాలి.