గీసినంత వేగం

టచ్‌స్క్రీన్ మీద కారు నడపడంలో పెద్ద చిక్కు, అద్దం మీది బొమ్మలు చేతికి తగలకపోవడం. తెర మీది స్టీరింగ్ బొమ్మపై పెట్టిన బొటనవేలు మలుపు హడావిడిలో ఎప్పుడు పక్కకు జారిందో తెలియదు. తెలిసేసరికి కారు గడ్డిలో ఉంటుంది. పైగా ఆ వేళ్లే సగం రోడ్డును కప్పేస్తాయి. 2009లో వచ్చిన ఆస్ట్రేలియా ఆట రియల్ రేసింగ్, ఫోన్‌నే స్టీరింగ్‌లా తిప్పమంది. ఆడేవాళ్లకు సరదాగానే ఉంటుంది, బస్సులో పక్క సీటాయన మోచేతి పోట్లకు ఓర్చుకుంటే.

అదే ఏడాది ఫిన్లాండ్‌కు చెందిన రెడ్‌లింక్స్ సంస్థ డ్రారేస్ అనే చిన్న ఆటతో వేరే దారి పట్టింది. ఇందులో స్టీరింగ్ లేదు, యాక్సిలరేటర్ లేదు, బ్రేకూ లేదు. పైనుంచి చూస్తున్నట్టు ట్రాక్ తెర మీద పరుచుకుని ఉంటుంది. కారు వెళ్లాల్సిన దారిని వేలితో గీయాలి. గీయడం పూర్తయ్యాకే పందెం మొదలవుతుంది. కారు ఆ గీత పట్టుకుని పోతుంది.

కిటుకంతా వేగంలో ఉంది. వేలు ఎక్కడ ఎంత జోరుగా కదిలితే కారు అక్కడ అంత జోరుగా పోతుంది. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తే పిండి దట్టంగా పడుతుంది, విసిరితే పలచబడుతుంది. అలాగే ఇక్కడ గీతలో దారితోపాటు చేతి వేగమూ దాగి ఉంటుంది.

వెనక్కి తిరిగే ఒక ఇరుకు మలుపునే తీసుకోండి. కొత్తవాళ్లు రోడ్డు మధ్యలోంచి వేలిని సర్రున తిప్పేస్తారు. కారు ఆ వేగానికి నిలవలేక గీత దాటి బయటికి జారుతుంది. చేయి తిరిగినవాళ్లు బయటి అంచు నుంచి వస్తారు, మలుపుకు ముందే వేలిని నెమ్మదిస్తారు, లోపలి అంచును ఒకచోట తాకి, మళ్లీ బయటి అంచుకు వదిలేస్తూ వేగం పెంచుతారు. నిజం ట్రాకుల మీద రేసర్లు చేసేదీ ఇదే. మలుపును ఎంత వెడల్పుగా తీసుకుంటే టైర్లు అంత ఎక్కువ వేగాన్ని తట్టుకుంటాయి: వ్యాసార్ధం రెట్టింపైతే, అదే పట్టుతో సుమారు 1.4 రెట్ల వేగంతో పోవచ్చు. ఫిజిక్స్ పుస్తకంలో కంఠస్థం చేసినప్పుడు ఎక్కని సూత్రం ఇక్కడ వేలికి ఎక్కుతుంది.

పందెం మొదలయ్యాక మాత్రం చేతులు కట్టుకుని చూడాల్సిందే. గీసేటప్పుడు ఎదుటి కార్లేవీ ఉండవు, కాబట్టి కంగారు పెట్టేవాళ్లూ ఉండరు. దురాశకు పోయి మూడో మలుపులో వేలిని తొందరపెట్టింది మనమే. కారు అటువైపు పోతుంటే కనబడుతూనే ఉంటుంది, చేయగలిగిందేమీ లేదు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ నిస్సహాయతే.

2011లో వచ్చిన డ్రారేస్ 2లో పందెం నడుస్తుండగా నొక్కేందుకు బూస్ట్ బటన్ ఇచ్చారు. చూస్తూ కూర్చోలేనివాళ్ల కోసం కాబోలు. తిన్నని రోడ్డు మీద దాన్ని ఎప్పుడు వాడాలన్నదీ ఒక లెక్కే, కాదనను. నాకైతే గీతతో తేల్చుకునే మొదటి పద్ధతే ఇష్టం.