శిక్షాస్మృతి: లక్షణమూ, లక్ష్యమూ

అలంకారశాస్త్రం చదువుకున్నవాళ్ళకు ఒక అలవాటు వుంటుంది. లక్షణం మీదకంటె ముందు లక్ష్యం మీద చూపు పడుతుంది. విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో ఏ అలంకారానికి ఉదాహరణ ఇచ్చినా అందులో ప్రతాపరుద్రుడి కీర్తే వుంటుంది. ఆ గ్రంథం ఎవరి ఆస్థానంలో పుట్టిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. భారత శిక్షాస్మృతిని నేను ఆ కంటితోనే చదివాను. ప్లీడర్లు నవ్వితే నవ్వనివ్వండి.

మెకాలే అధ్యక్షతన లా కమిషన్ 1837లో ముసాయిదా తయారుచేసింది. అది 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. నేరాన్ని నిర్వచించి, వివరణ చేర్చి, ఆపైన కల్పిత పాత్రలతో ఉదాహరణలివ్వడం దాని పద్ధతి. అచ్చంగా మన లక్షణగ్రంథాల పద్ధతే. పాత తీర్పుల గుట్టల్లో వెతుక్కోకుండా, నేరమంటే ఏమిటో ఒకచోట చదువుకోగలగడం చిన్న మేలు కాదు.

దొంగతనం ప్రకరణం చూడండి. 'ఎ' అనేవాడు 'జడ్' నేలలో చెట్టు నరుకుతాడు. 'జడ్' కుక్కకు ఎర చూపి వెంట తిప్పుకుంటాడు. 'జడ్' దగ్గర నౌకరుగా వుండి వెండి సామాను ఎత్తుకుపోతాడు. 'జడ్'కు నేల వున్నది, కుక్క వున్నది, వెండి వున్నది, నౌకరూ వున్నాడు. 'ఎ'కు వున్నవి చేతులు.

అన్ని ఉదాహరణలూ ఇలాగే వున్నాయంటే అన్యాయమవుతుంది. ఒకచోట 'ఎ' తన గడియారాన్ని 'జడ్'కు బాగుచేయడానికి ఇస్తాడు. బాగుచేసిన డబ్బు చెల్లించలేదు గనుక 'జడ్' దాన్ని చట్టప్రకారం హామీగా అట్టేపెట్టుకుంటాడు. ఆ హామీని పోగొట్టాలని 'ఎ' దాన్ని తీసుకుపోతే, తన గడియారానికే తాను దొంగవుతాడు. ఈ ఉదాహరణ దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇక్కడ చట్టం పనివాడి కష్టాన్ని కాపాడింది. కాని ఎందువల్ల? అతని చేతిలో గడియారం వున్నది గనుక. నాట్లు వేసిన కూలీ చేతిలో హామీగా ఏముంటుంది?

లక్షణంలోనే ఆ చిక్కు వున్నది. ఒకరి స్వాధీనంలోని చరాస్తిని, దురుద్దేశంతో, సమ్మతి లేకుండా తీసుకోవడానికి కదిలిస్తే దొంగతనం. నేల చరాస్తి కాదు. నేల నుండి వేరుచేసిన మన్ను చరాస్తి. గంపెడు మన్ను తవ్వి ఎత్తుకుపోయినవాడికి మూడేళ్ళ దాకా జైలు. పొలాన్నే ఆక్రమించినవాడు దొంగ కాడు, అక్రమ ప్రవేశం చేసినవాడు; ఆ నేరానికి మూడు నెలలు. సివిలు కోర్టు వుంది కదా అంటారు. నిజమే, ఖర్చులు పెట్టుకోగలిగినవాడికి వున్నది.

ఇక శిక్షల తూకం. యజమాని సొత్తు దొంగిలించిన నౌకరుకు ఏడేళ్ళ దాకా. ఇష్టం లేని మనిషిచేత చట్టవిరుద్ధంగా బలవంతాన చాకిరీ చేయించినవాడికి ఏడాది దాకా, లేదా జుల్మానాతో సరి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మూడేళ్ళ దాకా శిక్ష పెట్టిన మాట వాస్తవమే. అది స్మృతికి బయట, నూటపదహారేళ్ళ తరువాత వచ్చింది.

2024 జులై 1 నుండి ఈ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. వలసపాలన వాసన వదిలించామన్నారు. 511 సెక్షన్లు 358 అయినాయి. ఐదువేల రూపాయల లోపు సొత్తును మొదటిసారి దొంగిలించి, తిరిగి ఇచ్చినవాడికి జైలు బదులు సమాజసేవ అన్నారు. ఇది మంచి మార్పే. కాని చెట్టు అక్కడే వున్నది, కుక్క వున్నది, వెండి సామానూ వున్నది. నౌకరు ఏడేళ్ళూ, బలవంతపు చాకిరీ ఏడాదీ సెక్షన్ల నెంబర్లు మార్చుకుని అలాగే కూచున్నాయి. చరాస్తి నిర్వచనంలో మాత్రం 'భౌతికమైన' అనే విశేషణాన్ని తీసేశారు.

ఇదంతా తరగతిలో చెబుతుంటే ఒక విద్యార్థి అడిగాడు: కూలి ఎగ్గొడితే ఏ సెక్షను కింద దొంగతనమండీ? ఏ సెక్షను కిందా కాదన్నాను. ఆ డబ్బు కూలివాడి చేతికి ఎన్నడూ రాలేదు గనుక, అతని చేతిలోనుంచి ఎవరూ తీసుకోలేదు. అది బాకీ.